మా మామ లాగిన తాడు

మా మనవరాలు పుణెలో ఏం ఉద్యోగం చేస్తుందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. మనిషి చెయ్యి ఊపితే కంప్యూటర్‌కు తెలిసేలా చేయడమట. మీట నొక్కక్కర్లేదు, తెర ముట్టుకోనక్కర్లేదు, ఎదురుగా కూర్చుని చెయ్యి ఆడిస్తే చాలు, అది పని చేసి పెడుతుందట. దీనికి కూడా జీతమిస్తారా అని అడిగితే నవ్వి ఊరుకునేది. మొన్న సెలవులకు హోట్గి రోడ్డులోని మా ఇంటికి వస్తూ ఆ సరంజామా అంతా మోసుకొచ్చి, నన్నే దాని ముందు కూర్చోబెట్టింది. అన్ని వయసులవాళ్ళ చేతులూ కావాలట, ముసలి చేతులు దొరకడం లేదట. ముసలి చేతులకు ఈ ఇంట్లో ఏం కొదవ అనుకుని కూర్చున్నాను.

"అవ్వా, నేను ఒక్కొక్కటి చెప్త. నీకు ఎట్ల తోస్తే అట్ల చెయ్యి ఆడియ్యి. ఆలోచించకు," అంది.

'రా' అంది, చేశాను. 'వద్దు' అంది, చేశాను. 'చాలు, ఇంక లే' అంది.

నా కుడి చెయ్యి దానంతటదే పైకి లేచింది. వేళ్ళు ముడుచుకున్నాయి. కనబడని దాన్నేదో పట్టుకుని మెల్లగా కిందికి దించి, కాస్త ఆగి, మూడుసార్లు గుంజాను.

మనవరాలు తెరవంక చూసింది, నావంక చూసింది. "ఇదేంది అవ్వా? అందరు అరచెయ్యి అడ్డం పెడ్తరు. నువ్వు గంట కొట్టినట్టు చేస్తివి."

"గంట కాదే. అది మా మామ."

మా మామ అంటే నా భర్తకు తండ్రి, దీనికి ముత్తాత. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. దాచాలని కాదు, నాకు చేతకాదు. మా ఇళ్ళల్లో కోడలు మామ పేరు పలకకూడదు. పలకడం మాట అటుంచండి, ఆయనతో అసలు మాట్లాడకూడదు. తల మీద కొంగు దించుకోవాలి, ఎదురుపడితే పక్కకు తప్పుకోవాలి. ఆయనా అంతే, కోడలిని పలకరించకూడదు. ఈ నియమం ఎవరు పెట్టారో గానీ, ఒకే ఇంట్లో ఆయన నేసేవాడూ నేను కండెలు చుట్టేదాన్నీ అవుతామని వాళ్ళు ఊహించి ఉండరు. పంతొమ్మిది వందల యాభైల మొదట్లో నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి, ఇప్పుడు అశోక్ చౌక్ అంటున్న చోటికి దగ్గర్లోనే మా తెలుగు నేతగాళ్ళ వాడ ఉండేది, చుట్టూ మరాఠీ ఊరు. ముందు గదిలో గుంట మగ్గం, వెనక గదిలో నా రాట్నం, మధ్యలో గోడ. ఆయన తొమ్మిది గజాల చీరలు నేసేవాడు. పడుగులో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో నూలు అయిపోయినప్పుడల్లా నూలు చుట్టిన కొత్త కండె కావాలి. చుట్టేదాన్ని నేను. అడగవలసింది ఆయన. అడగడానికి వీల్లేదు.

పైగా ఆయన మాటల మనిషి. మౌనంగా ఉండేవాడైతే బాధ ఉండకపోయేది. వాడలో ఎవరి పంచాయతీ అయినా ఆయన లేకుండా మొదలయ్యేది కాదు, ఆయన ఉంటే ముగిసేది కాదు. తెలుగులో ఎత్తుకుని, మరాఠీలో తిప్పి, ఉర్దూలో తిట్టి దించేవాడు. ఒక చిత్రమేమిటంటే, మాట నోటితో మొదలుపెట్టి చేత్తో ముగించేవాడు. "నేను పొయ్యి చూస్తె ఆ మనిషి..." అని ఆపి, రెండు చేతులూ పైకెత్తి గాలిలో వదిలేసేవాడు. చూస్తున్నవాళ్ళకు అర్థమయ్యేది, పక్కకు తిరిగి ఉన్నవాళ్ళు "ఏమైంది? ఏమైంది?" అని అడగాల్సివచ్చేది. నేను గోడ ఇవతలి నుంచి వినేదాన్ని కాబట్టి ఆయన కథల ముగింపు ఒక్కటి కూడా నాకు అందేది కాదు. ఆ లోటు నాకు ఇప్పటికీ ఉంది.

మా అత్త ఇంట్లో ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. ఆయన ఆమెకు చెప్పేవాడు, ఆమె నాకు చెప్పేది. ఆమె ఇంట్లో చుట్టిన బీడీలు అప్పగించి మళ్ళీ ఆకు తేవడానికి కార్ఖానాకు పోయిన పూటల్లోనే వచ్చేది చిక్కు. మగ్గం చప్పుడు ఆగేది. ఒక దగ్గు వినబడేది. తరువాత ఇంకొంచెం గట్టి దగ్గు. ఎర్ర కండెకు దగ్గాడో పచ్చ కండెకు దగ్గాడో నాకేం తెలుస్తుంది? ఆఖరికి ఆయన మగ్గంతోనే మాట్లాడేవాడు.

"మగ్గమా, నీకు ఎర్ర కండె కావాల్నట. నాకెందుకు చెప్తవు? గోడవతల ఉన్నోళ్ళకు చెప్పుకో. జర లవకర్ చెప్పు, పొద్దు పోతున్నది."

నేను ఎర్ర కండెలు తీసుకుపోయి గడప మీద పెట్టి వచ్చేదాన్ని. నేను వెనుదిరిగాక ఆయన లేచి తీసుకునేవాడు. ఒకసారి కోపమొచ్చి నేనూ రాట్నంతో అన్నాను, "రాట్నమా, ఎర్ర నూలు అయిపోయింది, మీ మగ్గానికి చెప్పు పో" అని.  గోడవతల ఆయన నవ్వాపుకోలేక దగ్గిన దగ్గు ఒకటి వినబడింది. అది కండెల దగ్గు కాదు.

ఆ తరువాతే తాడు వచ్చింది. చీర కోసేశాక మగ్గం మీద మిగిలిపోయే పడుగు కొసల్ని ఆయన పారేయకుండా దాచేవాడు. రంగురంగుల ఆ కొసలన్నీ కలిపి పురిపెట్టి చిటికెన వేలంత లావు తాడు పేనాడు. గుమ్మం పైన గోడకు బెజ్జం చేసి, దానిలోంచి దూర్చి, ఒక కొస తన మగ్గం మీద వేలాడదీశాడు, రెండో కొస నా రాట్నం పక్కన. రెండు కొసలకూ చెరో ఖాళీ కండె కట్టాడు. ఆయన గుంజితే నా చెవి దగ్గర కండె లేచి గోడకు టక్కున తగిలేది. నేను గుంజితే ఆయన నెత్తి మీద టక్కనేది. ఆ సాయంత్రం మగ్గానికి పాఠం చెప్పాడు, నేను వినాలని గట్టిగా.

"ఇను మగ్గమా. ఒక్కసారి గుంజితె కండెలు. ఏ రంగు కావాల్నో పొద్దుగాలనే వరుస చెప్త. రెండుసార్లు గుంజితె చహా. మూడుసార్లు గుంజితె చాలు, ఇంక లే అని. వినబడ్డదంటె అవతలి కొస ఒక్కసారి గుంజాలె. గుంజకుంటె నేను చెప్పనట్టే లెక్క. బరోబర్?"

నేను ఒకసారి గుంజాను. ఆయన నెత్తిమీద కండె టక్కుమంది. మామకు నేనిచ్చిన మొదటి జవాబు అదే.

ఇది వాడంతా తెలిసిపోయింది, తెలియక మానుతుందా? మా ఇంట్లో మామా కోడళ్ళు తాడుతో మాట్లాడుకుంటారని చూడ్డానికి వచ్చేవాళ్ళు. ఆయన అందరికీ లాగి చూపించేవాడు. పాపం నేను లోపల ఊరికే జవాబిస్తూ కూర్చునేదాన్ని.

ఒక మధ్యాహ్నం కండె టక్ టక్కుమని రెండుసార్లు తగిలింది. చహా పెట్టి గడప మీద ఉంచి వచ్చాను. కాసేపటికి మళ్ళీ రెండుసార్లు. మొదటి గ్లాసు అట్లాగే ఉంది, ఇంకెవరో వచ్చినట్టున్నారని మళ్ళీ పెట్టాను. ఇంకాసేపటికి మళ్ళీ. పాలు నిండుకున్నాయి, లోపల ఉడికిపోతూ మూడో గ్లాసూ పెట్టి వచ్చాను. అంతలో వీధిలోంచి ఆయన గొంతు వినబడింది, అంటే మగ్గం దగ్గర ఆయన లేడు! ఆయన లోపలికి వచ్చేసరికి పక్కింటివాళ్ళ మేక మగ్గం మీద ముందుకాళ్ళు వేసి తాడు కొస నములుతోంది, గడప మీద మూడు గ్లాసుల చహా చల్లారుతోంది. ఆయన నవ్విన నవ్వుకు ఎదురింటివాళ్ళు బయటికి వచ్చారు. "మా ఇంట్ల మేకకు సుత మర్యాద జేస్తరు! అడుగుడే ఆలస్యం, చహా!" అని నాలుగు వీధులూ చెప్పుకొచ్చాడు. చల్లారిన చహా మూడు గ్లాసులూ తానే తాగాడు, కోడలు పెట్టింది పారబోయొద్దని.

మర్నాడు మగ్గానికి రెండో పాఠం. "చెయ్యి పెట్టిన అని ముందు చెప్పాలె. మెల్లగ దించి పట్టుకుంట. కండె లేస్తది, గోడకు తగలదు, అట్లనే నిలుస్తది. అట్ల నిలిచిందంటె నేనే. నిలవకుంట ఊరికే కొట్టుకుంటె మేకో పిల్లో గాలో, పట్టించుకోవద్దు."

ఈ సంగతి చెబుతుంటే మనవరాలు నవ్వి నవ్వి, ఆగి, "మా తిప్పలు గూడ గదే అవ్వా" అంది. ముక్కు గోక్కోవడానికి చెయ్యెత్తినా ఆ యంత్రం తననే పిలిచారనుకుని ఏదో ఒకటి చేసేస్తుందట. ఏది తనకు చెప్పింది, ఏది ఊరికే కదిలింది, అది తేల్చుకోవడం దానికి పెద్ద పనట. "అయినా అవ్వా, తాతతోటి చెప్పిస్తే అయిపోయేది గద, ఇంత తాడెందుకు?" అంది. వాళ్ళ తాతకు మిల్లులో పాళీలు, అంటే షిఫ్టులు, మారుతుండేవి, పగలు ఇంట్లో ఉంటే గుర్రుపెట్టేవాడు. ఆయనతో చెప్పించడంకన్నా మేకతో చెప్పించడమే నయం.

మూడు లాగుళ్ళ గురించి చెప్పాలి. 'చాలు, ఇంక లే' అనే ఆ మాట కోసం నా నడుము ఎదురుచూసేది. అది ఆయన మగ్గం పక్కనున్న కండెల గంప నిండాక ఇవ్వాలి. మా అత్త అట్లాగే అనుకునేది, నేనూ అట్లాగే అనుకున్నాను. నేను కడుపుతో ఉన్న రోజుల్లో ఒకసారి మూడు లాగుళ్ళు వచ్చాక, కండె పెట్టడానికి గడపదాకా పోయి ఓరగా చూశాను. గంపలో అడుగు మాత్రమే కప్పినట్టుగా ఉన్నాయి కండెలు. పూటకు చాలవు. ఆయన గుంటలో కూర్చుని మగ్గానికేసి తిరిగి నేస్తూనే ఉన్నాడు. నేను పడుకుని లేచేసరికి నా రాట్నం నేను పెట్టినట్టుగా లేదు, పక్కకు జరిగి ఉంది. ఎవరు తిప్పారో అడగడానికి వీల్లేదు కదా. నాకు కన్నీళ్ళొచ్చాయి. మా నాన్న చిన్నప్పుడే పోయాడు, నా నడుము నొప్పి కనిపెట్టిన మగమనిషి అంతకుముందు లేడు.

బిడ్డ పుట్టి, నడిచే ఈడుకు వచ్చాక మా వాడ తెలుగు బడి పెద్దపంతులు ఇంటికి వచ్చాడు. నేను పెళ్ళికి ముందు ఆ బడిలోనే చదివి ఏడో తరగతి ఫైనల్ పాసయ్యాను. చిన్నపిల్లల తరగతికి పంతులమ్మ కావాలి, మన వాడలో ఫైనల్ పాసైన ఆడపిల్ల ఇంకెవరున్నారు అని ఆయన మాట. గోడ ఇవతల రాట్నం ఆపి విన్నాను. నాకు ఎంత ఆశగా ఉండిందో చెప్పలేను. సుద్దముక్క వాసన కూడా నాకు కలలో వచ్చేది.

"ఎట్ల కుదురుతది సార్?" అంది మా అత్త. "కండెలు ఎవరు చుట్టాలె? ఈమె బడికి పోతె ఈయన మగ్గం ఆగిపోతది. బీడీలకు నా చేతులే చాల్తలేవు."

మా ఆయన, "బాపు ఎట్లంటె అట్ల," అని తప్పుకున్నాడు.

అందరూ మామవైపు చూసి ఉంటారు. నాకు మగ్గం చప్పుడు మాత్రం వినబడుతోంది. ప్రపంచంలోని ప్రతి సంగతి మీదా ఉపన్యాసం ఇచ్చే మనిషి ఆ రోజు పెదవి విప్పలేదు. ఆఖరికి నాడె ఆగింది.

"ఎప్పటిసంది రావాల్నంటరు?"

"సోమారం సంది," అన్నాడు పంతులు.

మళ్ళీ మగ్గం మొదలైంది. అంతే. అవుననలేదు, కాదనలేదు. చేత్తో ఏమైనా చెప్పాడేమో, గోడ ఇవతల ఉన్న నాకు ఎట్లా తెలుస్తుంది? పంతులు మాత్రం "మంచిది, వస్త," అని లేచాడు.

సోమవారం పొద్దున లేచి చూస్తే తాడు లేదు. గోడకు బెజ్జం మాత్రం ఉంది. తాడును చుట్టగా చుట్టి మగ్గం పక్క మేకుకు తగిలించి ఉంచాడు. మా అత్త నన్ను చూసి, "సమజైందా? మీ మామకు కోపమొచ్చింది. నీతోటి ఆ మాట గూడ ఒద్దనుకున్నడు," అంది. పొమ్మని ఎవరూ అనలేదు. వద్దనీ అనలేదు. జుట్టు దువ్వుకుని బడికి పోయాను.

ఆ రోజు నుంచి కండెలు ఆయనే తెల్లవారుజామున లేచి చుట్టుకునేవాడు, మిగిలినవి మా అత్త సణుగుతూ చుట్టేది. నాకు బడి అలవాటైంది. పిల్లలు 'బాయీ' అని, అంటే పంతులమ్మా అని, పిలిచేవాళ్ళు. కానీ ఇంటికి వచ్చి గడప దాటుతుంటే ఆ మేకు మీది తాడు చుట్ట కనబడేది. ఆయన మగ్గంతో మాట్లాడటం కూడా మానేశాడు. నాకు వినబడాల్సిందేమీ ఇక లేదు కాబోలు. ఆయన మగ్గం పనికి నేను అడ్డంపడ్డాననీ, ఆయనకు నా మీద మనసు విరిగిందనీ అనుకున్నాను. ఎన్నిసార్లు అడగాలనిపించిందో! ఎవరిని అడగను? ఏ తాడుతో అడగను?

అట్లా యాభైలు చివరికి వచ్చాయి. ఒక చలికాలం ఆయనకు జ్వరం వచ్చి ఊపిరితిత్తులకు పట్టింది. మాట పడిపోయింది. అంతటి మాటల మనిషి గురకతప్ప చప్పుడు లేకుండా చద్దరు కప్పుకుని మంచం మీద పడి ఉండటం చూడలేకపోయేదాన్ని. బడికి సెలవు పెట్టి, కొంగు దించుకుని ఆయన కాళ్ళవైపు కింద కూర్చునేదాన్ని. ఆయన చేతులు చద్దరు కొసల్ని పట్టుకుని గుంజుతుండేవి. డాక్టరు చూసి, ఇట్లాంటప్పుడు చేతులు అట్లాగే ఆడతాయి, ఆయనకేం తెలియదు అన్నాడు. మా అత్త ఏడుస్తూ ఆ చేతుల్ని పట్టుకుని ఆపబోయేది. అవి మళ్ళీ గుంజేవి.

ఒక పొద్దున మిల్లు భోంగా, అదే సైరన్, మోగింది. ఆ భోంగా విని మా వాడంతా లేచేది, బడికి పోయే పిల్లలు కూడా దాన్ని బట్టే తయారయ్యేవాళ్ళు. నేను కదలకుండా కూర్చుని ఉన్నాను. చద్దరు అంచు ఒకటి నా భుజం మీదికి జారి ఉంది. ఆ అంచు మెల్లగా బిగిసింది. బిగిసి, నిలిచింది.

 తలెత్తి చూశాను. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాయి. పిడికిలిలో చద్దరు కుచ్చులు ఉన్నాయి. చెయ్యి అట్లాగే ఆగి ఉంది.

తరువాత మూడుసార్లు గుంజాడు.

మా అత్త, "మల్ల మొదలైంది," అని చెయ్యి పట్టుకోబోయింది. నేను ఆమె చేతిని అడ్డుకున్నాను. ఆయన మళ్ళీ మెల్లగా దించి, ఆగి, మూడుసార్లు గుంజాడు. భోంగా ఇంకా మోగుతోంది. చాలు, ఇంక లే. బడి వేళయింది, లే.

ఆయనకు కోపం లేదు. ఏనాడూ లేదు. నాకు ఏడుపు ఆగలేదు. చద్దరు అంచు పట్టుకుని ఒక్కసారి గుంజాను. ఆయన పిడికిలి విడిపోయింది, చేతులు ఛాతీ మీద సర్దుకున్నాయి, ఇక ఆడలేదు. నేను లేచి ముఖం కడుక్కున్నాను. "ఎటు పోతున్నవే, ఈ పరిస్థితిల?" అని మా అత్త నోరు తెరిచింది. "మామ పొమ్మన్నడు," అన్నాను.

ఆ రోజు పిల్లలకు ఏం చెప్పానో గుర్తులేదు. మధ్యాహ్నం పక్కింటి అక్క, ఆ మేక వాళ్ళ ఇంటామే, వచ్చి తరగతి గుమ్మంలో నిలబడింది.  కొంగు తల మీదికి లాక్కుంది. నాకు అర్థమైంది.

దినాలు అయ్యాక మా అత్త మేకు మీది తాడు తీసి నా ఒళ్ళో పెట్టింది. "ఆనాడు రాత్రి మీ మామను అడిగిన నేను, 'తాడెందుకు ఇప్పినవు, కోడలి బదులు నేను గుంజుత, నేను జవాబిస్త' అని. ఇననే లేదు. 'ఇది గోడకు ఉంటె సాయంత్రం పిల్ల బడి నుంచి రాంగనే మల్ల రాట్నం కాడ కూసుండవెడ్తవు నువ్వు, ఎరుకనే నాకు' అన్నడు," అని ముక్కు చీదింది. "కూసుండవెట్టెదాన్నే. అబద్ధమెందుకు?"

ఆమె మీద నాకు కోపం రాలేదు. బీడీలు చుట్టీ చుట్టీ ఆమె వేళ్ళు కూడా అరిగిపోయి ఉన్నాయి, ఆమెకు 'చాలు, ఇంక లే' అని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

మా మామతో నేను జీవితంలో ఒక్క మాట మాట్లాడలేదు. ఇది చెప్పినప్పుడల్లా జనం అయ్యో అంటారు. ఎందుకో నాకు అర్థం కాదు.

నా కథ విన్నాక మనవరాలు చాలాసేపు ఆ యంత్రం మీద ఏదేదో చేసింది. చీకటి పడుతుండగా నన్ను మళ్ళీ పిలిచి, "ఇప్పుడు చెయ్యి అవ్వా. అంతకుముందు చేసినట్టే," అంది. చెయ్యెత్తాను. మెల్లగా దించి, ఆగి, మూడుసార్లు గుంజాను. తెర మీద వెలుగు ఆరిపోయింది. 'చాలు' అంటే దానికిప్పుడు ఇదట, నా పేరు మీద నేర్పిందట. మనవరాలు సంతోషంతో చప్పట్లు కొట్టింది.

"బాగుంది," అన్నాను. "మరి దాని జవాబేది?"

"జవాబేంది అవ్వా? ఆఫ్ అయింది గద."

"విన్నట్టు ఒక్కసారి గుంజాలె. లేకుంటే మనం చెప్పనట్టే లెక్క."

మనవరాలు దగ్గరికి జరిగి కూర్చుంది. నల్లగా ఉన్న ఆ తెర ముందు నా చీర కొంగు పట్టుకుని మెల్లగా ఒక్కసారి గుంజింది.